ట్రిప్లికేన్ నుంచి కైరో దాకా: పాతపేట ఇంటికి రిపేరు ఖర్చు ఎవరిది?

చెన్నై ట్రిప్లికేన్ హైరోడ్డులో పెద్ద మసీదు దాటి పక్క సందులోకి తిరిగితే, ఆమధ్య ఒక పాత ఇంటిని విప్పుతూ కనిపించారు. కూల్చడం కాదు, విప్పడమే. టేకు దూలాలకు సుద్దముక్కతో 1 నుంచి 22 దాకా నంబర్లు వేసి రోడ్డు వారగా పేర్చారు. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) పక్క ఏదో రిసార్టుకు అమ్ముడయ్యాయట. రంగు అద్దాల కిటికీ, తలుపు చెక్కలు, మెట్ల రాతిపలకలు అన్నిటికీ ముందే బేరం కుదిరింది. గోడలే ఎవరికీ అక్కర్లేదు. అవి లారీ ఎక్కి పోతున్నాయి.

ఎదురుగా టీ కొట్టు దగ్గర ముగ్గురు మూడు మాటలు అన్నారు. "ఇది హెరిటేజ్ బిల్డింగ్ కదా, ఎలా కూల్చనిచ్చారు?" అని ఒకరు. "వక్ఫ్ స్థలం, మనకెందుకులే" అని ఇంకొకరు. వక్ఫ్ అంటే దేవుడి పేర వదిలేసిన ఆస్తి. "అదేం కాదు, అన్నదమ్ముల పంపకాలు, బిల్డర్‌కి ఇచ్చేశారు" అని మూడో ఆయన. ఈ ఒక్క ఇంటి సంగతిలో మూడో ఆయన చెప్పిందే నిజమని తర్వాత తెలిసింది. కానీ పాత ముస్లిం పేటలు ఎందుకు కరిగిపోతున్నాయి అన్న పెద్ద ప్రశ్నకు మాత్రం మూడు జవాబులూ కావాలి. కైరోలో అడిగినా, లాహోర్‌లో అడిగినా, అహ్మదాబాద్‌లో అడిగినా ఇవే మాటలు వినిపిస్తాయి.

2025లో వక్ఫ్ సవరణ చట్టం వచ్చినప్పటి నుంచి ఈ మాటలన్నీ కలగాపులగం అయిపోయాయి. అందుకే మొదటి నుంచి చూద్దాం.

"ఇస్లామిక్ నగరం" అన్న మాటతోనే మొదటి చిక్కు

మధ్యలో జుమా మసీదు, దాన్ని ఆనుకుని బజారు, దగ్గర్లో హమామ్ అనే స్నానశాల, చుట్టూ వంకర సందులు, వీధికి వీపు పెట్టి లోపలి వాకిలి వైపు తెరుచుకునే ఇళ్ళు. "ఇస్లామిక్ నగరం" అనగానే చాలామందికి ఈ బొమ్మే గుర్తొస్తుంది. దీన్ని ప్రచారంలోకి తెచ్చింది ప్రధానంగా 20వ శతాబ్దం మొదటి సగంలో ఉత్తర ఆఫ్రికా పట్టణాలను చదివిన ఫ్రెంచ్ పండితులు. ఏవో కొన్ని ఊళ్ళు చూసి గీసిన బొమ్మను తర్వాతివాళ్ళు ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకుంటూ పోయారని 1987లో జానెట్ అబూ-లుఘోద్ అనే పరిశోధకురాలు చూపించారు. అలాగని అంతా అబద్ధమని ఆమె అనలేదు. ఆస్తి, ఇరుగుపొరుగు, ఇంటి చాటు గురించి ఇస్లామిక్ న్యాయం పెట్టిన నియమాలు ఊరి రూపాన్ని మలిచిన మాట నిజమేనన్నారు.

అలాంటి నియమం ఒకటి చూడండి. దారి వెడల్పు మీద తగువు వస్తే ఏడు మూరలు వదలమని ఒక హదీసు, అంటే ప్రవక్త మాటగా చెప్పుకునేది, ఉంది. మూర అంటే అడుగున్నర కాబట్టి పదిన్నర అడుగులు. బరువెత్తిన రెండు ఒంటెలు ఎదురెదురుగా వచ్చినా ఒరుసుకోకుండా పోగలిగే దారి అని దీన్ని వివరిస్తారు. ఇంకో నియమం: అటు దారి లేని సందు ఆ సందులో ఇళ్ళవాళ్ళందరి ఉమ్మడి ఆస్తి. ఒకరు కొత్తగా తలుపు పెట్టుకోవాలన్నా మిగతావాళ్ళు ఒప్పుకోవాలి. పొరుగింటి వాకిట్లోకి చూపు పడేలా కిటికీ పెట్టకూడదు. అంటే ఊరి ప్లాన్ ఆఫీసులో కూర్చుని ఎవరూ గీయలేదు. వందల చిన్న ఒప్పందాలు పేరుకుని ఊరయింది. ఇవాళ టౌన్ ప్లానింగ్ మ్యాప్ చేతిలో పట్టుకుని వచ్చిన మనిషికి అదే సందు ఆక్రమణలా కనిపిస్తుంది. పదిన్నర అడుగుల్లో ఆటో దూరుతుంది, ఫైరింజన్ దూరదు. ఆయన భయమూ అబద్ధం కాదు.

ఇక ట్రిప్లికేన్‌ని "ఇస్లామిక్" అనడమే సగం సౌకర్యం కోసం. పార్థసారథి గుడి పల్లవుల నాటిది, 8వ శతాబ్దానిది. ఆర్కాటు నవాబు మహమ్మద్ అలీ వాలాజా ఈ పక్కకు మకాం మార్చి చేపాక్‌లో మహల్ కట్టించింది 18వ శతాబ్దంలో. మన నెల్లూరు సీమ కూడా ఆ నవాబుల ఏలుబడిలోదే కాబట్టి ఆ పేరు తెలుగువాళ్ళకు కొత్తేం కాదు. 1795 నాటి పెద్ద మసీదు, అదే వాలాజా మసీదు, కర్రా ఇనుమూ వాడకుండా రాతితో కట్టారని చెబుతారు. అందులో చెక్కిన పారశీక పద్యం రాసింది నవాబు కొలువులోని హిందూ పండితుడు రాజా మఖన్ లాల్. అందులోని అక్షరాల విలువలు కూడితే మసీదు కట్టిన సంవత్సరం వస్తుంది. మన కటపయాది లాంటి లెక్కే. ఆ పక్క వీధుల్లో అయ్యంగార్లు, జాంబజార్‌లో ఉర్దూ కేకలు, మాన్షన్లు అనే లాడ్జీల్లో, ఉద్యోగాల కోసం వచ్చి ఇరుకు గదుల్లో సర్దుకున్న మన కుర్రాళ్ళు. కాబట్టి ఈ వ్యాసంలో "ముస్లిం పేట" అన్నచోట ముస్లిం సంస్థలు, అలవాట్లు రూపం ఇచ్చిన పేట అని చదువుకోండి, ముస్లింలు మాత్రమే ఉన్న పేట అని కాదు.

వక్ఫ్: అసలు అది రిపేరు ఫండు

వక్ఫ్ అంటే ఒక ఆస్తిని దేవుడి పేర శాశ్వతంగా వదిలేయడం. ఆ తర్వాత దాన్ని అమ్మకూడదు, దానం ఇవ్వకూడదు, వారసులు పంచుకోకూడదు. వచ్చే ఆదాయం మాత్రం చెప్పిన పనికి ఖర్చు పెట్టాలి. చూసుకునే మనిషి ముతవల్లీ. మన దేవుడి మాన్యంలాంటిదే అనుకుంటే సగం అర్థమైనట్టే.

పాత నగరాలు వందల ఏళ్ళు ఎలా నిలబడ్డాయో తెలియాలంటే దీని పనితీరు తెలియాలి. మసీదు కట్టించిన మనిషి దానితోపాటు పది కొట్లు, ఒక హమామ్, ఒక సత్రం కూడా వక్ఫ్‌లో రాసేవాడు. కొట్ల అద్దెతో ముందు కొట్లూ మసీదూ బాగుచేయాలి, మిగిలితేనే జీతాలకు, తిండిపెట్టడానికి. చాలా దస్తావేజుల్లో ఈ వరస రాసి ఉండేది. అంటే కట్టడంతోపాటే దాని రిపేరు ఖర్చు ఎక్కణ్ణుంచి వస్తుందో కూడా కట్టిపెట్టారు. మనం ఇప్పుడు అపార్టుమెంట్లలో కార్పస్ ఫండ్ అని కొట్లాడుకునేది ఇదే.

ఇది ఎక్కడ తెగింది? ఒక్కోచోట ఒక్కోలా. ఈజిప్టులో 1952లో కుటుంబ వక్ఫ్‌లను, అంటే ఆదాయం సొంత వారసులకు చెందేలా రాసినవాటిని, ప్రభుత్వం రద్దు చేసింది. అక్కడే దశాబ్దాల పాటు అద్దెలు కదలకుండా బిగించిన చట్టాలు కూడా ఉండేవి. ఇంటి ఓనర్‌కి వచ్చే అద్దె టీ ఖర్చుకు చాలనప్పుడు పైకప్పు ఎవరు బాగుచేయిస్తారు? మన దేశంలో కథ వేరు. దేశంలో ముస్లింల స్థితిగతులను పరిశీలించిన సచార్ కమిటీ 2006 నివేదిక ప్రకారం దేశంలో 4.9 లక్షల వక్ఫ్ ఆస్తులు రికార్డుల్లో ఉన్నాయి, వాటి మీద ఏడాదికి వస్తున్నది రూ. 163 కోట్లు. సరిగ్గా వాడుకుంటే రూ. 12,000 కోట్ల దాకా రావచ్చని కమిటీ అంచనా. తేడా ఎక్కడికి పోతోంది? ఆక్రమణలు, తాతల నాటి అద్దెలు, కోర్టు కేసులు, కొన్నిచోట్ల చూసుకునేవాళ్ళ చేతివాటం. మసీదు గోడ పెచ్చులూడుతుంటే దాని కొట్ల అద్దె నెలకు కొన్ని వందలే ఉండటం పాతపేటల్లో మామూలు సంగతి.

ఇప్పుడు 2025 సవరణ. ఇందులో వారసత్వ కట్టడాలకు నేరుగా తగిలేవి రెండు. ఒకటి: రక్షిత కట్టడంగా ప్రకటించి ఉన్న దాన్ని తర్వాత వక్ఫ్‌గా ప్రకటించి ఉంటే, ఆ ప్రకటన చెల్లదు. రెండు: దస్తావేజు లేకపోయినా తరతరాల వాడుకను బట్టి వక్ఫ్‌గా గుర్తించే పద్ధతి ఇకముందు ఉండదు. ఇప్పటికే రిజిస్టరైనవి కొనసాగుతాయి గానీ, వివాదంలో ఉన్నవాటికి, ప్రభుత్వ భూమి అన్నవాటికి ఆ భరోసా లేదు.

ప్రభుత్వం వాదన: ఒకే కట్టడం మీద పురావస్తు శాఖకూ వక్ఫ్ బోర్డుకూ పెత్తనం ఉంటే, ఇష్టమొచ్చిన మార్పులు జరిగిపోతున్నాయి, బాగుచేయబోతే అడ్డంకులు వస్తున్నాయి. వ్యతిరేకించేవాళ్ళ వాదన: రెండు, మూడు వందల ఏళ్ళ కిందటి మసీదుకు కాగితం అడిగితే ఎక్కణ్ణుంచి తెస్తారు? నమాజు జరిగే చోటును ఉత్త మ్యూజియం చేయడానికి ఇది దారి అవుతుంది. 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులో చట్టం మొత్తాన్ని ఆపలేదు, కొన్ని నిబంధనల అమలును మాత్రం ఆపింది. రెండు వాదనల్లోనూ ఒక మాట వినిపించడం లేదని నాకనిపిస్తుంది: పెత్తనం ఎవరికి వచ్చినా, కొట్ల అద్దె తిరిగి గోడ దగ్గరికి ఎలా వస్తుంది?

ఒక గ్రౌండు, ఏడు వాటాలు: లెక్క వేసి చూద్దాం

వక్ఫ్ కాని సొంత ఇళ్ళ విషయానికి వస్తే అసలు శత్రువు బుల్డోజర్ కాదు, భాగహారం.

చెన్నైలో స్థలం గ్రౌండ్లలో చెబుతారు. గ్రౌండు అంటే 2,400 చదరపు అడుగులు. సరిగ్గా ఒక గ్రౌండులో రెండంతస్తుల పాత ఇల్లు, మధ్యలో వాకిలి, కట్టిన మేర 2,600 చదరపు అడుగులు అనుకుందాం. ఇంటి పెద్ద పోయారు. భార్య, తల్లిదండ్రులు ముందే పోయారు. ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు. ముస్లిం వారసత్వంలో కొడుకుకి రెండు వాటాలైతే కూతురికి ఒకటి. రెండూ రెండూ నాలుగు, కూతుళ్ళవి మూడు, మొత్తం ఏడు. కూతురి వంతు 371 చదరపు అడుగులు, అదీ కాగితం మీద. మెట్లు ఒకటే, బావి ఒకటే, వాకిలి ఒకటే. కోయడానికి ఇల్లేమన్నా కేకా? పెద్దాయన ఆంబూరులో, చిన్నాయన దుబాయ్‌లో, ఆడపిల్లలు తలా ఒక ఊళ్ళో. రిపేరుకు డబ్బు ఎవరు పెట్టాలన్న మాట వచ్చేసరికి ఫోన్లు ఎత్తరు.

బిల్డర్ వస్తాడు. ఇప్పటి నిబంధనల్లో మామూలు ఎత్తు భవనానికి ఎఫ్ఎస్ఐ 2, అంటే స్థలానికి రెండింతలు, 4,800 చదరపు అడుగులు కట్టుకోవచ్చు. సగం సగం ఒప్పందమైతే కుటుంబానికి 2,400. గమనించారా? పాత ఇంటికన్నా 200 తక్కువే! అయినా సంతకాలు పెడతారు. ఎందుకంటే ఆ 2,400ని పంచుకోవచ్చు: కొడుకుకి 686, కూతురికి 343. ఎవరి వాటా వాళ్ళు అమ్ముకోవచ్చు, లోను తెచ్చుకోవచ్చు, అద్దెకిచ్చుకోవచ్చు. ఖర్చు పైసా లేదు. వాళ్ళకు వారసత్వం మీద ప్రేమ లేదనడం సులువు. ఆ ముగ్గురు ఆడపిల్లల్లో ఒకరి స్థానంలో నిలబడి ఆ మాట అనగలరా?

ఈ ముక్కలవడం కొత్త సమస్య కాదు. దీన్ని ఆపడానికే ఒకప్పుడు కుటుంబ వక్ఫ్ పెట్టేవారు. ఇల్లు చెక్కుచెదరదు, ఆదాయం మాత్రం పిల్లలకు. 1894లో ప్రివీ కౌన్సిల్, అంటే లండన్‌లో ఉన్న అప్పటి మన పై కోర్టు, ఇలాంటిది చెల్లదని తీర్పు చెప్పింది. గగ్గోలు పుట్టి, చివరికి 1913లో చట్టం తెచ్చి మళ్ళీ చెల్లేలా చేశారు. ఆ బిల్లును సభలో నడిపించింది జిన్నా. హిందూ ఉమ్మడి కుటుంబాల లోగిళ్ళకూ చివరికి పట్టిన గతి ఇదే కాబట్టి, దీన్ని ఒక మతానికి కట్టేయడం కుదరదు.

దీనికి విరుగుడుగా పట్టణ ప్రణాళికలో ఒక ఉపాయం ఉంది. కట్టుకోదగ్గ 4,800లో పాత ఇల్లు వాడుకున్నది 2,600 పోగా 2,200 మిగిలింది కదా. ఆ మిగిలిన హక్కును ఇంకోచోట కట్టుకునే బిల్డర్‌కి అమ్ముకోనిస్తారు. దీన్ని టీడీఆర్ అంటారు. చదరపు అడుగు హక్కు రూ. 3,000 పలికితే (ఇది ఊహకి వేసిన ధర) రూ. 66 లక్షలు వస్తాయి. 40 లక్షలు రిపేరుకు పోయినా 26 లక్షలు పంచుకోవచ్చు. 1411లో అహ్మద్ షా కట్టించిన అహ్మదాబాద్ 2017లో ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తింపు పొందింది, దేశంలో మొదటిది. అక్కడి పోళ్ళలో, అంటే గేటున్న పాత వాడల్లో, జాబితాలోని ఇళ్ళకు ఇలాంటి అమ్ముకునే హక్కు ఇచ్చారు. లెక్క బావుంది. కొనేవాడు ఉంటేనే బావుంది. నగరమంతా ఎఫ్ఎస్ఐ ధారాళంగా ఇచ్చేస్తే ఆ కాగితాన్ని ఎవరు కొంటారు? జాబితాలో లేని ఇంటికి అసలు వర్తించదు కూడా.

జాబితాలో ఉంటే కాపాడినట్టేనా?

టీ కొట్టు దగ్గర మొదటి ఆయన అన్న "హెరిటేజ్" మాటకు చట్టంలో ఒక్క అర్థం లేదు. 1958 కేంద్ర చట్టం కింద జాతీయ ప్రాముఖ్యం ఉన్న కట్టడమైతే 2010 సవరణ ప్రకారం చుట్టూ 100 మీటర్లలో కొత్త కట్టడం నిషేధం, ఆ తర్వాతి 200 మీటర్లలో అనుమతితోనే. ఇది గట్టి తాళం. కానీ ఆ తాళం ఒక్కో కట్టడానికే, పేటకు కాదు. పైగా ఆ 100 మీటర్లలో ఉండే మామూలు మనిషి తన ఇంటిని మళ్ళీ కట్టుకోలేక అల్లాడతాడు. రాష్ట్ర స్థాయిలో చెన్నైకి హైకోర్టు దగ్గర మొదలైన ఒక జాబితా ఉంది. జస్టిస్ పద్మనాభన్ కమిటీ 467 కట్టడాలు లెక్కతేల్చింది. తమిళనాడు హెరిటేజ్ కమిషన్ చట్టం 2012లో చేశారు, అమల్లోకి రావడానికి దశాబ్దం దాటింది. సందులో విప్పేసిన ఇంటిలాంటివి వేలల్లో ఉంటాయి. ఏ జాబితా అన్నిటినీ పట్టలేదు.

ఇక జాబితాకే తలమానికం లాంటి కట్టడం సంగతి. చేపాక్ మహల్ 1768 నాటిది. హుమాయూన్ మహల్, ఖల్సా మహల్ అని రెండు భాగాలు. మొఘల్ ధోరణినీ యూరప్ పద్ధతినీ కలిపి కట్టే ఇండో-సారసెనిక్ శైలికి ఇదే తొలి నమూనా అని చాలామంది అంటారు. 1855లో చివరి నవాబు సంతానం లేకుండా పోగానే ఇంగ్లీషువాళ్ళు బిరుదు రద్దు చేశారు, 1859లో మహల్‌ని వేలంలో ప్రభుత్వమే కొనేసింది. నవాబు వంశీకులకు తర్వాత ఆర్కాటు ప్రిన్స్ అన్న బిరుదు, రాయపేటలో అమీర్ మహల్ దక్కాయి. చేపాక్ మహల్ సర్కారు ఆఫీసైంది. చుట్టూ కొత్త ఆఫీసులు లేచాయి. బీచ్ రోడ్డు మీద బస్సులో పోతూ ఎన్ని వందల సార్లు ఆ పక్క చూశానో, అక్కడొక మహల్ ఉందని చాలా ఏళ్ళు నాకు తెలియనే తెలియదు.

అది మూతపడలేదు, ఫైళ్ళతో నిండిపోయింది. 2012 జనవరిలో ఖల్సా మహల్ అంటుకుంది. కర్ర, కాగితం ఉన్నచోట మంట ఆగుతుందా? పై కప్పులు కూలాయి, మంట ఆర్పడానికి వెళ్ళిన అగ్నిమాపక అధికారి ఒకరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కాలిపోయింది కదా కూల్చేద్దాం అనే దాకా వచ్చి, చివరికి బాగుచేశారు. ఇప్పుడక్కడ జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి కూర్చుంటుంది. హుమాయూన్ మహల్‌కీ తర్వాత మరమ్మతులు చేశారు. పాత కట్టడాన్ని కొత్త పనికి పెట్టడం అంటే ఇదే. గుర్తించాల్సింది ఇంకోటుంది: ఇక్కడ ఓనర్ ఒక్కరే, ప్రభుత్వం. డబ్బుంది, కోర్టు ఒత్తిడి ఉంది, ఏడు వాటాల గొడవ లేదు. ఇదే పద్ధతిని సందులో ఇంటికి చేయండి అంటే కుదరదు.

సిమెంటు కొడితే ఏమవుతుంది

విప్పుతున్న ఇంటి దగ్గర మేస్త్రీది గూడూరు పక్క. నా తెలుగు వినగానే "సార్" పోయి "అన్నా" వచ్చింది. గోడ అడుగున, మోకాలెత్తున, ఒక బారెడు మేర వేలితో గీకి చూపించాడు. తెల్లటి పొడి రాలింది. "ఉప్పన్నా. పైన సిమెంటు కొట్టారు సూడు, లోపల చెమ్మ బయటికి రాలేక ఇటికెని తినేసింది." నిజమే, సిమెంటు పొర డొప్పలా నిలబడి ఉంది, దాని వెనక ఇటుక వేలితో నొక్కితే రంపప్పొట్టులా దిగబడుతోంది.

పాత ఇళ్ళకు వాడింది డంగు సున్నం. నత్తగుల్లలు కాల్చిన సున్నమో, రాతిసున్నమో నానబెట్టి, ఇసుకా ఇటుకపొడీ కలిపి గానుగలో నూరేవారు. కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్ళు పోసేవారు. ఆ సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటూ నిదానంగా గట్టిపడుతుంది. అది గట్టిపడినా చెమ్మను రానిస్తుంది, పోనిస్తుంది. సముద్రం పక్క ఊళ్ళో గోడ రోజూ చెమ్మ పీల్చి వదులుతూ ఉంటుంది. మీద సిమెంటు కొడితే ఆ దారి మూసుకుపోతుంది. ఉప్పునీళ్ళు ఇటుకలోనే ఎండి, ఉప్పు పలుకులు ఉబ్బి, ఇటుక ముఖాన్ని పెచ్చులుగా లేపుతాయి.

పైకప్పు ఇంకా తమాషా. దాన్ని మద్రాస్ టెర్రస్ అంటారు. టేకు దూలాల మీద పలచటి ఇటుకలు పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి సున్నంతో అతికిస్తారు. పైన ఇటుక జల్లీ సున్నం పోసి రోజుల తరబడి దిమ్మిస కొడతారు. ఒక దూలం పుచ్చితే ఒక్కదాన్నే మార్చుకోవచ్చు. ఇది తెలిసిన చేతులు తగ్గిపోయాయి. ఆ మేస్త్రీకి కూడా తన తండ్రి దగ్గర చిన్నప్పుడు దిమ్మిస కొట్టిన గుర్తే తప్ప, సొంతంగా ఒక్క టెర్రస్ వేసింది లేదట.

వేరే ఊళ్ళు ఏం చేసి చూశాయి

కైరో పాతబస్తీ 1979 నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. దాని అంచున ఐదొందల ఏళ్ళ చెత్త దిబ్బ ఉండేది. ఆగాఖాన్ ట్రస్టు అనే దాతృత్వ సంస్థ దాన్ని 30 హెక్టార్ల అల్-అజ్హర్ పార్కుగా మార్చి 2005లో తెరిచింది. తవ్వకాల్లో సలాహుద్దీన్ కాలపు కోటగోడ కిలోమీటరున్నర బయటపడింది. చెప్పుకోవాల్సింది పార్కు గురించి కాదు, దాన్ని ఆనుకున్న దర్బ్ అల్-అహ్మర్ అనే పేదల పేట గురించి. అక్కడ ఇళ్ళ రిపేర్లకు సాయం, చిన్న అప్పులు, పనుల్లో శిక్షణ కలిపి నడిపారు. మొదటి ఖర్చు దాత పెట్టాడు, తర్వాతది ఆ పేట సంపాదన మోయాలన్నది ఆలోచన. ఢిల్లీ నిజాముద్దీన్ బస్తీలో 2007 నుంచి అదే ట్రస్టు ఇదే దారి పట్టింది. కట్టడాలతోపాటు బడి, ఆసుపత్రి, మరుగుదొడ్లు.

దీన్ని మెచ్చుకోనివాళ్ళూ ఉన్నారు. దాత వెళ్ళిపోయాక ఏమిటని ఒక ప్రశ్న. పేట బాగుపడితే స్థలం ధర పెరిగి అద్దెకున్నవాళ్ళే ముందు ఖాళీ చేస్తారని ఇంకో ప్రశ్న. మొరాకోలో మరాకేష్ చూస్తే ఆ భయం తీసిపారేయలేం. అక్కడ వాకిలి ఇళ్ళను, రియాద్‌లను, విదేశీయులు కొని అతిథి గృహాలు చేశారు. గోడలు బతికాయి, ఇరుగుపొరుగు మారిపోయింది. అయితే ఆ డబ్బు రాకపోతే ఆ గోడలే ఉండేవి కావని వాదించేవాళ్ళకూ ఆధారం ఉంది. అదే మొరాకోలో ఫెజ్ 1981లో జాబితాకెక్కింది, ఇప్పటికీ సరుకు గాడిదల మీదే లోపలికి పోతుంది. తోళ్ళు ఊనేవాళ్ళు, కంచరివాళ్ళు అక్కడే పని చేస్తున్నారు. ఆ వాసన భరించలేనివాళ్ళు కూడా అక్కడే ఉన్నారు మరి.

ఇస్తాంబుల్‌లోని సులుకులే పేటది మాత్రం వాదనకు తావివ్వని కథ. పాడుబడిన చారిత్రక ప్రాంతాలను "పునరుద్ధరించే" 2005 చట్టం కిందే తరాలుగా ఉంటున్న రోమా (జిప్సీ) కుటుంబాల ఇళ్ళు కూల్చేశారు. ఉజ్బెకిస్తాన్‌లో తైమూర్ పుట్టిన ప్రాంతమైన షఖ్రిసబ్జ్‌లో పర్యాటకులకు కట్టడాలు బాగా కనబడాలని మధ్యలోని పాత మొహల్లాలు తీసేసి పార్కు వేశారు. 2016లో యునెస్కో దాన్ని ప్రమాదంలో ఉన్న జాబితాలో పెట్టింది. కట్టడాలు ఉన్నాయి, వాటికి ఊరే లేదు.

రైలు రావాలా వద్దా, మసీదు పెరగాలా వద్దా

లాహోర్‌లో ఆరెంజ్ లైన్ మెట్రో పాత కట్టడాల పక్కనుంచి పోతోందని జనం కోర్టుకెళ్ళారు. 2016 ఆగస్టులో హైకోర్టు 11 చారిత్రక స్థలాలకు 200 అడుగుల లోపల పనులు ఆపింది. 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు షరతులతో ఒప్పుకుంది. 2020లో రైలు నడిచింది. ఒకరికి అది వారసత్వం ఓడిన కథ, రోజూ రెండు బస్సులు మారే ఇంకొకరికి ఊరు గెలిచిన కథ. హైదరాబాద్ పాతబస్తీ మెట్రో మాట వచ్చినప్పుడల్లా మనవాళ్ళ మధ్య జరిగే తగువు కూడా అచ్చం ఇలాగే ఉంటుంది.

ప్రార్థనా స్థలాల్లో చిక్కు ఇంకా సున్నితం. జనం పెరిగారు, శుక్రవారం నమాజుకు చోటు చాలదు. కమిటీ పాత వరండా తీసి స్లాబ్ వేద్దామంటుంది. నిపుణులు వద్దంటారు. కట్టడాన్ని మరీ పూజ్యంగా చూడటం తప్పనే మతధోరణి ఒకటి ఇస్లాంలోనే ఉంది. 2002లో మక్కాలో ఒట్టోమాన్ కాలపు అజ్యాద్ కోటను తీసేసి యాత్రికుల కోసం భారీ టవర్లు కట్టినప్పుడు టర్కీ మండిపడింది. ఏటా లక్షల్లో వచ్చే హాజీలకు చోటెక్కడ అన్నది సౌదీ జవాబు. ఇక్కడ "బయటివాళ్ళు ధ్వంసం చేశారు" అనే మామూలు చట్రం పనిచేయదు. రెండు పక్కలా ముస్లింలే.

పోయిన వారం మళ్ళీ ఆ సందుకు వెళ్ళాను. దూలాలు వెళ్ళిపోయాయి, స్థలం చుట్టూ నీలం రేకులు కట్టారు. మేస్త్రీ ఎదురింటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆ ఇంటి పెద్దమ్మ తన గోడ చూడమని పిలిచారట. సిమెంటైతే నాలుగు రోజుల్లో అయిపోద్ది, సున్నమైతే నెల పడతాది, కూలి కూడా ఎక్కువేనని చెప్పాడు. ఆవిడ గోడ వంక చూశారు, పక్కనున్న నీలం రేకుల వంక చూశారు. "తమ్ముడు దుబాయ్ నుంచి ఫోన్ చేస్తానన్నాడు బాబూ. చేశాక చెప్తా" అన్నారు.